స్కానింగులో చుక్క కనిపిస్తే...

ఐదో నెల స్కానింగు కాగితం పట్టుకుని కళ్ళనీళ్ళతో ఆస్పత్రికి వచ్చే గర్భిణులు ఈమధ్య ఎక్కువయ్యారు. "బిడ్డ గుండెలో తెల్లచుక్క ఉందట డాక్టరుగారూ! కడుపు తీయించుకోమంటున్నారు మావాళ్ళు" అంటారు. అర్థంకాని ఒక్క ఇంగ్లీషు ముక్క ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తుంది.

18 నుంచి 22 వారాల మధ్య చేసే ఈ స్కానింగును 'టిఫా' అంటారు. ఇందులో బయటపడేవి రెండు రకాలు. ఒకటి, అవయవ నిర్మాణంలో లోపం. రెండోది లోపం కాదు, ఒక గుర్తు మాత్రమే. ఆరోగ్యంగా పుట్టే బిడ్డల్లోనూ ఇది ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో కాస్త ఎక్కువగా కనబడుతుంది గనుక కాగితంలో రాస్తారు.

తెల్లచుక్క నూటికి ముగ్గురు నలుగురిలో కనబడుతుంది. దానివల్ల గుండె పనికి అడ్డేమీ లేదు. మెదడులో కనిపించే చిన్న నీటిబుడగలు చాలావరకు 28 వారాలలోపు వాటంతటవే పోతాయి. వాటివల్ల బుద్ధిమాంద్యం రాదు. మూడో నెలలో చేసిన రక్తపరీక్ష, స్కానింగు బాగుండి, ఇలాంటి గుర్తు ఒక్కటే ఉంటే భయపడనక్కరలేదు. ఆ పరీక్షలు చేయించుకోనివారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, ఇప్పుడేం చేయించాలో అడగాలి. బిడ్డ కిడ్నీలో మూత్రం చేరేచోటు కొద్దిగా వెడల్పుగా ఉందంటే, సుమారు 32వ వారంలో మళ్ళీ స్కానింగు తీయించాలి.

అయితే గుర్తులన్నీ ఒకటి కావు. మెడవెనుక చర్మం మందం 6 మిల్లీమీటర్లు, అంతకు మించినా, ముక్కు ఎముక కనబడకపోయినా, రెండు మూడు గుర్తులు కలిసి ఉన్నా ఆలస్యం చేయక నిపుణులను కలవాలి. ఉమ్మనీటి పరీక్ష అవసరం కావచ్చు.

"ఇది లోపమా, గుర్తా? ఒక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా? మళ్ళీ ఎప్పుడు చూడాలి?" ఈ మూడు ప్రశ్నలూ తప్పక అడగండి. స్కానింగు తీసే డాక్టర్లు కూడా కాగితం చేతికిచ్చే ముందు రెండు నిమిషాలు తెలుగులో చెబితే ఆ తల్లికి ఎంతో మేలు చేసినవారవుతారు.

అత్తగార్లకూ ఒక మాట. కోడలు ఏదో తినడంవల్లో, గ్రహణంనాడు బయట తిరగడంవల్లో ఈ చుక్కలు రావు. ఇందులో ఎవరి తప్పూ లేదు. సంగతి పూర్తిగా తెలుసుకోకుండా, కంగారులో గర్భస్రావానికి మాత్రం తొందరపడకండి.