మీకు తెలుసా? చేను ఒకరిది, చెమట ఇంకొకరిది

తణుకు చుట్టుపక్కల వరి సాగులో కౌలు రైతులదే పెద్ద వాటా. మరి ప్రభుత్వ సాయం?

• పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వేస్తుంది. భూమి ఎవరి పేరున ఉంటే వారికే, కౌలుదారుకు రాదు.

• 2019లో మొదలైన రాష్ట్ర పథకం వైఎస్సార్ రైతు భరోసా కింద ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల్లో సెంటు భూమి లేని కౌలుదారులకూ ఏటా 13,500 ఇచ్చింది.

• 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో మొదలైన అన్నదాత సుఖీభవ కింద పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000. తొలి విడత 7,000.

• రాష్ట్ర సాయం కౌలుదారుకు అందాలంటే సాగు హక్కు పత్రం ఉండాలి. అది చెల్లేది 11 నెలలే. దానికి భూయజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది ఆ సంతకం పెట్టరు. అంతకుముందు 2011 చట్టం ఇచ్చిన రుణ అర్హత కార్డుకైతే యజమాని ఒప్పుదల అవసరం ఉండేది కాదు.