కొబ్బరి ఆకు కాలినట్టు ఎండుతోందా? మందుకి ముందు ఆకు తిరగేసి చూడండి



పార్వతీపురం వైపు ఆయిల్‌పామ్ రైతు ఒకాయన అడిగారు: "వేర్లు తొలిచే రెక్కల పురుగు ఉందటండీ, మనకీ ఇబ్బందేనా?" అది సగలస్సా అనే పురుగు. కొలంబియా, ఈక్వడార్, పెరూ దేశాల్లో ఆయిల్‌పామ్ వేర్లు తొలుస్తుంది. మన ఉద్దానం కొబ్బరిని పీడించే చిన్న రెక్కల పురుగు పిల్లలు మాత్రం వేరు జోలికి పోవు, ఆకు తింటాయి. అదే నల్లముట్టె పురుగు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లను ఎలా పడగొట్టిందో మీకు తెలుసు. మిగిలిన ప్రతి చెట్టూ మాకు ప్రాణమే. మొన్న వేసవిలో కింది మట్టలు కాలినట్టు ఎండిపోతే చిన్నాన్న కంగారుపడ్డాడు. "ఏటి బాబూ, వేరుకి మందు కట్టేద్దుమా?" అన్నాడు. "ఆగు చిన్నాన్నా, ముందు ఒక మట్ట కోసి చూద్దాం" అన్నాను.

వీడియోలో చూడండి. ఆకు అడుగున పట్టుదారం, రెట్ట కలిసిన గూళ్లు ఉన్నాయి. వాటిలో నల్ల తల పురుగు దాక్కుని పచ్చదనం గోకి తింటుంది. గూళ్లు లేకపోతే ఎండడానికి కారణం వేరే ఉంటుంది. తాటాకుల అడుగునా చూడండి, అక్కడా ఇది బతుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కొన్ని పురుగులు కదలకుండా పడున్నాయి, వాటి ఒంటికి బుల్లి పిల్లలు అంటుకున్నాయి. అవి గొనియోజస్ అనే చిన్న కందిరీగ జాతి బదనిక పిల్లలు. తల్లి పురుగుని కుట్టి, కదలకుండా చేసి, దాని మీదే గుడ్లు పెట్టి, పక్కనే కాపలా కాస్తుంది. విషపు మందు కొడితే మనకు సాయం చేసే ఈ తల్లీ పోతుంది.

మేం చేసింది ఇదీ:

1. పురుగు బాగా పట్టి ఎండిన కింది మట్టలు కోసి కాల్చేశాం. బదనికలు కనబడిన ఆకులు మాత్రం తోటలోనే ఉంచాం.
2. బదనికలు తెప్పించి వదిలాం. గొనియోజస్ అయితే చెట్టుకి 20, బ్రేకన్ అయితే 30 అని సిఫారసు. కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో వీటిని పెంచుతారు.
3. చెట్టు కోలుకోవడానికి పాదుల్లో ద్రవజీవామృతం పోసి, ఎండాకుతో ఆచ్ఛాదన వేశాం.

అదును ముఖ్యం. గుడ్డు నుంచి రెక్కల పురుగు అవడానికి సుమారు రెండు నెలలు. గొనియోజస్ కాస్త ఎదిగిన పురుగులనే పడుతుంది. అన్నీ గూటి పురుగులైపోయాక వదిలితే దానికి మేత దొరకదు. అంబాజీపేట మనకి దూరం కాబట్టి పురుగు కనబడగానే కబురు చెయ్యండి.

చిన్నాన్న మందు కట్టలేదు. ఆకు కొత్తగా వస్తోంది. వేరుకి మందు కడితే 45 రోజులు కాయ కొయ్యకూడదు, మరి మన పిల్లలు తాగేది ఆ బొండాలే కదా.

మీ తోటలో ఒక మట్ట తిరగేసి, ఏం కనబడిందో చెప్పండి.