కడుపుకు మూడు నిఘంటువులు

కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఆలూరు ప్రాంతపు మనిషి కడుపునొప్పితో ఆదోనికో కర్నూలుకో వైద్యానికి వెళ్లినప్పుడు, తన శరీరాన్ని గురించి కనీసం మూడు రకాల మాటలు అతనికి ఎదురవుతాయి. ఉబ్బరం, పులితేపులు, బేదులు అనేవి ఇంటి మాటలు. జీర్ణాశయం, ఆంత్రమూలం, క్లోమం అనేవి అతని పిల్లలు బడిలో చదివే సంస్కృతపు మాటలు. గ్యాస్ట్రైటిస్, కోలిలిథియాసిస్ అనేవి గ్రీకు, లాటిన్ భాషల నుంచి ఇంగ్లీషు మీదుగా స్కాన్ కాగితంలోకి దిగిన మాటలు. సరిహద్దు దాటి బళ్లారికి వెళితే వీటికి కన్నడం కూడా తోడవుతుంది గాని, 'హొట్టె నోవు' అని చెప్పుకోవడం ఆ ప్రాంతం వారికి కొత్తేమీ కాదు. కొత్తగా, భయంగా కనిపించేవి కాగితం మీది మాటలే. నిజానికి విడదీసి చూస్తే వాటిలో చాలావరకు రైతుకూ వంటింటికీ తెలిసిన సామాన్యమైన అర్థాలే ఉంటాయి.

తెలుగులో కడుపు అనే మాట ఏ ఒక్క అవయవానికీ కట్టుబడి ఉండదు. తిన్న అన్నం చేరే సంచినీ, పేగులు ఉండే ఉదరాన్నంతటినీ, బిడ్డ పెరిగే గర్భాన్నీ సందర్భాన్ని బట్టి అదే మాట సూచిస్తుంది కనుక, వైద్యుడు మాటను నమ్ముకోక వేలు పెట్టి చూపించమంటాడు. అయితే నొప్పి తావును చెప్పడానికి తెలుగుకు మాటలు లేక కాదు: డొక్క, బొడ్డు చుట్టూ, పొత్తికడుపు, గజ్జ అనే విభజన వైద్యవిద్యార్థులు నేర్చుకునే ఉదర విభాగాలకు చాలావరకు సరిపోతుంది. పొట్ట కోసి చేసే శస్త్రచికిత్సకు లాపరాటమీ అని పేరు. అందులోని గ్రీకు మాట 'లపారా'కు అర్థం డొక్క, 'టమీ'కి అర్థం కోత.

జొన్నరొట్టెను గురెళ్ల కారంతో నంజుకుని నమిలినప్పుడు జీర్ణక్రియ నోటిలోనే మొదలవుతుంది. రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలంలో అమైలేజ్ అనే పదార్థం ఉండి, జొన్నలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టడం ప్రారంభిస్తుంది. ఇటువంటి పదార్థాలను ఎంజైములు అంటారు. పేరు చివర 'ఏజ్' అని వినబడితే అది సాధారణంగా ఎంజైమేనని గుర్తించవచ్చు. ముద్ద గొంతు దిగేటప్పుడు ఉపజిహ్విక అనే చిన్న మూత శ్వాసమార్గాన్ని కప్పుతుంది, ఆ మూత పడడంలో క్షణకాలం తేడా వచ్చి మెతుకు గాలిగొట్టం వైపు పోతే కలిగే దగ్గునే తెలుగువారు పొలమారడం అంటారు. ఎవరో తలచుకున్నారని నెత్తిన తట్టడం ఆచారమే గాని, వైద్యశాస్త్రం ఒక వాక్యంలో వివరించవలసిన సంగతిని తెలుగు ఒక్క క్రియలో చెప్పగలుగుతున్నది. అక్కడి నుంచి సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహికలో ముద్ద తన బరువుతో జారిపడదు. వెనుక కండరం బిగుస్తూ ముందు కండరం వదులవుతూ సాగే అలవంటి కదలిక దానిని నెట్టుకుపోతుంది. ఈ కదలికకు పెరిస్టాల్సిస్ అని పేరు. పడుకుని మింగినా ఆహారం కడుపులోకే చేరేది దీనివల్లనే.

జీర్ణాశయం దగ్గర మాటల చిక్కు అసలుగా మొదలవుతుంది. గ్రీకులో 'గాస్టెర్' అంటే పొట్ట, దాని నుంచే గ్యాస్ట్రిక్ అనే విశేషణం వచ్చింది; గాలికి వాడే 'గ్యాస్' అనే మాట వేరు, దానిని 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త కల్పించాడు. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండడంతో తెలుగునాట 'గ్యాస్ట్రిక్', 'గ్యాస్ ట్రబుల్' ఒకటైపోయాయి, ఆ పేరు కింద ఉబ్బరం, పులితేపులు, రొమ్ములో మంట, భుజం లాగడం వంటి ఒకదానికొకటి సంబంధం లేని బాధలన్నీ చేరిపోయాయి. ఇది కేవలం భాషాదోషమై ఉంటే పట్టించుకోనవసరం లేకపోయేది. కాని గుండెపోటు తొలి బాధ కొందరిలో పొట్ట పైభాగపు మంటగానో బరువుగానో మాత్రమే కనిపిస్తుంది, దానిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నవారు విలువైన గంటలను పోగొట్టుకుంటారు. చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి తోడైనప్పుడు ఆ బాధకు గ్యాస్ అని పేరు పెట్టే పని ఇంటివారిది కాదు, ఈసీజీ తీసేవారిది.

పేరు చివర 'ఐటిస్' ఉంటే వాపు, మంట అని అర్థం. గ్యాస్ట్రైటిస్ అంటే జీర్ణాశయపు లోపలి పొర వాచి మండడమే. ఆ పొరకు పుండు పడితే అల్సర్ అంటారు. ఎర్రకారం లేనిదే ముద్ద దిగని రాయలసీమలో కడుపులో పుండుకు కారమే కారణమని నమ్మడం సహజమే, వైద్యప్రపంచం కూడా చాలాకాలం మసాలాలనూ మానసిక ఆందోళననూ నిందించింది. ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా పాత్రను బయటపెట్టారు; ఇందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. నొప్పి మాత్రలను విచ్చలవిడిగా మింగడం పుండుకు మరొక ముఖ్య కారణం. కారం ఉన్న మంటను పెంచవచ్చు గాని, ఈ రెండింటితో పోలిస్తే దాని నేరం చిన్నది.

జీర్ణాశయం నుంచి బయటపడిన ఆహారం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి వస్తుంది. ఇంగ్లీషులో దీని పేరైన డుయోడినం వెనుక పన్నెండు అనే సంఖ్య ఉంది: ప్రాచీన గ్రీకు వైద్యుడు హిరోఫిలస్ దానిని పన్నెండు వేళ్ల వెడల్పు పొడవున్నదిగా కొలిచి ఆ పేరు పెట్టాడు, అంటే తెలుగు పాత కొలతలోని అంగుళాల లెక్కే. ఆయుర్వేదం కొలతను గాక పనిని చూసి, అరిగేదాకా అన్నాన్ని పట్టి ఉంచే ఈ ప్రాంతానికి గ్రహణి అని పేరు పెట్టింది. అది చెడినప్పుడు వచ్చే, తిన్నది ఒంటబట్టక విరేచనాలతో మనిషి కృశించిపోయే వ్యాధికి కూడా అదే పేరు నిలిచింది. ఆధునిక వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అనే వ్యాధి దీనిని పోలినదే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితంతో ఈ వ్యాధికి గట్టి ముడి ఉంది. ఆయన సోదరులు ఇద్దరిని స్ప్రూ స్వల్ప వ్యవధిలో బలిగొన్నది; ఆయనకే వ్యాధి సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్స చేసి కోలుకునేటట్లు చేశారు. 1922లో అమెరికా వెళ్లిన సుబ్బారావు నాయకత్వంలోనే లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, స్ప్రూ రోగులలో కనిపించే రక్తహీనతకు అది మందైంది. గర్భిణులకు నేడు పల్లెపల్లెనా పంచే ఐరన్ మాత్రలలో ఉండే ఫోలిక్ ఆమ్లం ఇదే.

ఆంత్రమూలంలోకే కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి జీర్ణరసం వచ్చి కలుస్తాయి. ఈ పాఠ్యపుస్తకపు పేర్లలో క్లోమం అనేది అంత నికరమైనది కాదు; ప్రాచీన గ్రంథాలలో ఆ మాట ఏ అవయవానికి చెందినదో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు, ఆధునికులు దానిని పాంక్రియాస్‌కు కేటాయించారు. అదే ఆదివారం పూట మాంసం కొట్టు దగ్గర నిలబడిన మనిషికి కార్జం అంటే కాలేయమనీ, బోటి అంటే పేగులనీ ఎవరూ చెప్పనవసరం లేదు. కొట్టతను కార్జం పక్కనున్న చిన్న ఆకుపచ్చని తిత్తిని పగలకుండా జాగ్రత్తగా కోసి పారవేస్తాడు, అది పగిలితే మాంసమంతా చేదెక్కుతుంది గనుక దానిని చేదుకట్టు అంటారు. వైద్యుల పిత్తాశయం అదే. కాలేయంలో తయారైన పైత్యరసం అక్కడ నిలవ ఉండి, నూనె, కొవ్వు తగిలినప్పుడు పేగులోకి విడుదలవుతుంది. వేరుశనగ నూనెను సన్నని బిందువులుగా చెదరగొట్టి ఎంజైములకు అందించడం దాని పని. రసం గట్టిపడి రాళ్లు కడితే కోలిలిథియాసిస్: 'కోలి' పిత్తం, 'లిథోస్' రాయి. తిత్తిని తీసివేయవలసివస్తే కోలిసిస్టెక్టమీ, అందులో 'సిస్ట్' తిత్తి, 'ఎక్టమీ' కోసి తీసివేయడం. 'స్టమీ' అని ముగిస్తే మాత్రం తీసివేయడం కాదు, కొత్త ద్వారం పెట్టడం; పెద్దపేగును పొట్ట గోడ మీదికి తెరిస్తే కొలాస్టమీ అంటారు.

అపెండిక్స్ వాపును పల్లెల్లో ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. పాఠ్యపుస్తకాలు అపెండిక్స్‌కు ఇచ్చిన ఉండుకం అనే పేరు ఆయుర్వేదంలో మలం వేరుపడే తావుకు చెందినది; దానికంటె పల్లె పేరే మేలనిపిస్తుంది, ఎందుకంటే అందులో హెచ్చరిక ఉంది. కాకపోతే ఒకరోజు ఓర్చుకుంటే నొప్పి దానంతట అదే పోతుందని అర్థం చేసుకునేవారూ ఉన్నారు, అది ప్రమాదం. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు పొత్తికడుపుకు దిగే నొప్పిని ఉపేక్షిస్తే అపెండిక్స్ పగలవచ్చు. ఈ అవయవాన్ని పొట్ట మీద గాటు పెట్టకుండా, నోటి గుండా ఎండోస్కోపు పంపి జీర్ణాశయపు గోడ మీదుగా తీసి ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించినవారిలో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి ఒకరు. 1956లో ఏర్పడిన కర్నూలు వైద్యకళాశాలలో చదివి, హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన ఆయనకు 2025లో పద్మవిభూషణ్ లభించింది. ఆ సంస్థ పేరులోని పొడవాటి మాటను విప్పితే పొట్ట, పేగు, శాస్త్రం అన్న మూడు ముక్కలే వస్తాయి. ఎండోస్కోపీ అంటే లోపలికి చూడడం.

సుమారు ఆరు మీటర్ల చిన్నపేగులో పోషకాలు రక్తంలోకి ఇంకిపోయాక, ఒకటిన్నర మీటర్ల పెద్దపేగు మిగిలిన నీటిని పీల్చుకుంటుంది. తాగినదీ, శరీరమే ఊరించినదీ కలిసి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం పేగుల్లోకి చేరినా బయటికి పోయేది నూరు, రెండు నూర్ల మిల్లీలీటర్లే. ఈ లెక్క తప్పితే బేదులు. నీళ్లలా పోతే డయేరియా, జిగటగా నెత్తురుతో పోతే డిసెంట్రీ. ఇంటి మాటల్లో నీళ్ల విరేచనాలు, రక్త విరేచనాలు అని ఈ తేడా ఎప్పటినుంచో ఉంది, వైద్యుడికి కావలసిందీ సరిగ్గా ఆ తేడానే. అయినా ఆసుపత్రిలో చాలామంది సిగ్గుపడి, లేదా మర్యాద కోసం 'మోషన్స్' అని ముగిస్తారు. అలా చేసినప్పుడు ముఖ్యంగా తప్పిపోయేది రంగు. జీర్ణాశయంలోనో ఆంత్రమూలంలోనో నెత్తురు కారితే అది ఆమ్లంతో కలిసి రంగు మారి, ఎర్రగా గాక తారులాగ నల్లగా, జిగురుగా, దుర్వాసనతో బయటికి వస్తుంది. దీనిని మెలీనా అంటారు, గ్రీకులో ఆ మాటకు నల్లనిదని అర్థం. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా మలం నల్లబడుతుంది కనుక ఆ సంగతినీ వైద్యుడికి చెప్పాలి. మాత్రలేవీ లేకుండా విరేచనం నల్లగా అవుతూ, కళ్లు తిరుగుతున్నవారు మరుసటి రోజు ఓపీ కోసం ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి పోవలసి ఉంటుంది.