వలే గువ్వల గుంపైంది!

పిట్టకి గోడ అడ్డేమిటి? రివ్వున ఎగిరి అవతల వాలిపోతుంది. ఆ వీల్లేనిది మనిషికే. బెర్లిన్ వాసులకు 28 ఏళ్లపాటు అది రోజూ కళ్లెదుట కనిపించిన సంగతే!

ఆ నగరాన్ని రెండుగా చీల్చిన గోడ కూలి 30 ఏళ్లయిన సందర్భంగా 2019 నవంబరులో వేడుకలు జరిగాయి. బ్రాండెన్‌బర్గ్ గేటు ముందు వీధిలోకి వచ్చినవారంతా తలెత్తి అలాగే నిలబడిపోయారు. పైన 150 మీటర్ల పొడవున ఓ రంగుల వల. దానికి లక్షకు పైగా గుడ్డ రిబ్బన్లు. గాలి వీస్తే చాలు... ఒక్కసారిగా లేచి, ఒరిగి, మెలితిరిగి, మళ్లీ సర్దుకునేవి. అచ్చం ఆకాశంలో పక్షుల గుంపులాగే!

అమెరికా కళాకారుడు పాట్రిక్ షియర్న్ సృష్టి ఇది. పక్షులు, చేపలు గుంపుగా కదిలే తీరే ఆయనకు స్ఫూర్తి. మన గోరువంకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పక్షులు సాయంత్రాలు వేల సంఖ్యలో ఒక్కటై ఎగురుతాయి. వాటికి నాయకుడంటూ ఉండడు. ఒక్కో పక్షి తన చుట్టూ ఉన్న ఆరేడింటిని గమనిస్తూ కదులుతుందంతే. ఇటలీ శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించిన విషయమిది.

1989 నవంబరు 9 రాత్రి జరిగిందీ దాదాపు అలాంటిదే. కొత్త ప్రయాణ నిబంధనలు తక్షణమే అమల్లోకి వస్తాయని తూర్పు జర్మనీ ప్రతినిధి ఒకరు పొరపాటున చెప్పేశారు. పక్కింటివాళ్లు బయల్దేరారని వీళ్లూ, వీళ్లను చూసి ఎదురింటివాళ్లూ... అలా వేలమంది గోడ దగ్గరకు చేరిపోయారు. కాపలాదారులు గేట్లు తెరవక తప్పలేదు. అంతకుముందు ఆ గోడ దగ్గర ప్రాణాలు కోల్పోయినవారు కనీసం 140 మంది.

అందుకే ఈ కళాఖండంలో జనానికీ చోటిచ్చారు. 30 వేల రిబ్బన్ల మీద మామూలు మనుషులు తమ జ్ఞాపకాలూ ఆశలూ స్వయంగా రాశారు. కిందనుంచి ఆ అక్షరాలు కనబడవు. కానీ రాసినవారికి తెలుసు, ఆ రెపరెపల్లో తమ మాటా ఒకటుందని!

వల అంటే పిట్టల్ని పట్టేది. చిత్రగ్రీవుడి పావురాలు మాత్రం కలిసికట్టుగా దాన్నే ఎత్తుకుపోయాయి. చిన్నప్పుడు విన్న ఆ కథ బెర్లిన్ ఆకాశంలో కొన్నాళ్లపాటు నిజంగానే కనిపించింది!