ఐదు వేళ్లు, 47 కీలు

కిందటేడు వానాకాలంలో స్కూటరు జారి నా కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల పిండికట్టు. వారం వారం పంపాల్సిన రాత ఆగదు కనక ఎడమ చేత్తోనే మొదలుపెట్టాను. పలకరించడానికి వచ్చినవాళ్లు పండ్లతో పాటు తలా ఒక సలహా కూడా ఇచ్చి వెళ్లారు. పండ్లు బాగానే ఉన్నాయి. సలహాల్లో మాత్రం చాలావరకు పుచ్చులే.

నాది ఆరు వారాల ముచ్చట. కట్టు విప్పాక ఫిజియోథెరపీ గదిలో పరిచయమైన ఇద్దరిది అలా కాదు. ఒకరు బైకు ప్రమాదంలో భుజం దగ్గర నరాలు తెగి ఎడమ చెయ్యి వాలిపోయిన డిగ్రీ కుర్రాడు. టైపింగు ఎప్పుడూ పద్ధతిగా నేర్చుకోలేదు. రెండోవారు పక్షవాతంతో కుడిపక్క పడిపోయిన రిటైర్డు గుమాస్తా. టైపు మిషన్ కాలంలోనే హయ్యర్ పాసైన మనిషి. "కీబోర్డు ఏది కొనమంటారు అంకుల్?" అని కుర్రాడు అడిగినప్పుడు తెలిసింది, నేను విన్న అపోహలన్నీ అతనూ విన్నాడని.

అపోహ: ఒంటి చేత్తో టైపింగంటే ఒక్క వేలితో పొడుచుకుంటూ పోవడమే.

టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కినవాళ్లకు మొదటి పాఠం చచ్చినా మరుపు రాదు. ఎడమ వేళ్లు ఎ, ఎస్, డి, ఎఫ్ మీద. కుడి వేళ్లు జె, కె, ఎల్, సెమికోలన్ మీద. ఒక చెయ్యి లేకపోయేసరికి ఆ పాఠంలో సగం చెరిపేసి, మిగిలిన సగంతో నెట్టుకురావాలని చూస్తారు. దూరంగా ఉన్న అక్షరం కోసం చూపుడు వేలు పరుగెత్తుతుంది, మిగతా వేళ్లు చూస్తూ కూర్చుంటాయి.

చేయాల్సింది చెయ్యి కాపురం మార్చడం. కీబోర్డు నడిమధ్యన ఉన్న ఎఫ్, జి, హెచ్, జె అనే నాలుగు కీల మీద నాలుగు వేళ్లూ ఉంచాలి. ఎడమ చెయ్యైతే చిటికెన వేలు ఎఫ్ మీద, చూపుడు వేలు జె మీద. కుడి చెయ్యైతే దీనికి తిరగేసి. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలా ఉబ్బెత్తు ఉంటుంది చూడండి. రెండు చేతుల వాళ్ల కోసం పెట్టిన ఆ గుర్తులే ఇక్కడా దారి చూపిస్తాయి. చేతి రెండు కొసల వేళ్లూ ఆ గీతల్ని తడుముకుంటే చాలు, కళ్లు తెర మీదే ఉంచొచ్చు. క్యూ దగ్గరికో పి దగ్గరికో వెళ్లాల్సినప్పుడు వేలు సాగదీయకుండా మోచెయ్యితో సహా చెయ్యి మొత్తాన్ని జరిపి, మళ్లీ ఇంటికి రావాలి. మొదటి వారం నరకం. రెండో వారానికి నా చిటికెన వేలికి కూడా తన ఉద్యోగం ఏమిటో అర్థమైంది.

కుర్రాడికి నేను చెప్పింది ఇదే. ఖర్చు లేదు, ఏ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నా పనికొస్తుంది. చెరిపేసుకోవాల్సిన పాత అలవాటూ అతనికి లేదు.

అపోహ: షిఫ్ట్, కంట్రోల్ లాంటివి రెండో చెయ్యి లేకుండా నొక్కలేం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించినది ఇది. కోపం చెప్పినవాళ్ల మీద కాదు, ఇన్నేళ్లు తెలుసుకోని నా మీదే. షిఫ్ట్ కీని వరసగా 5 సార్లు కొట్టండి. విండోస్‌లో ఒక చిన్న పెట్టె తెర మీదికి వచ్చి, స్టికీ కీస్ ఆన్ చెయ్యమంటారా అని అడుగుతుంది. గేములాడే పిల్లలు దాన్ని చూడగానే విసుక్కుని నో నొక్కేస్తారు. ఒంటి చేతి వాళ్లు ఎస్ నొక్కాల్సింది అక్కడే. ఇది విండోస్ 95 నాటి నుంచీ ఉన్న సదుపాయం. మాక్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఉంది.

ఆన్ చేశాక షిఫ్ట్‌ని పట్టుకుని ఉండక్కర్లేదు. ఒకసారి తట్టి వదిలేసి, తర్వాత అక్షరం కొడితే చాలు, పెద్దక్షరం పడుతుంది. రెండుసార్లు తడితే షిఫ్ట్ అలాగే బిగుసుకుని ఉంటుంది, మూడోసారి తడితే వదులుతుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ ఒకేసారి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కొచ్చు. ఎవరైనా పక్కన కూర్చుని రెండు కీలు కలిపి నొక్కితే ఇది దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది. కనక ఇంట్లో అందరూ వాడే కంప్యూటరైతే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఏర్పాటును తీసేయడం మేలు.

ఏ పద్ధతి ఎంచుకున్నా మొదట చేయాల్సిన పని ఇది. కీబోర్డు కొనాలా అన్న ప్రశ్న ఆ తర్వాత.

అపోహ: ఒక చెయ్యి అంటే వేగంలో సగం.

రెండు చేతుల వేగానికి మూలం వేళ్ల లెక్క ఒక్కటే కాదు. ఒక చెయ్యి కొడుతుండగా రెండోది తర్వాతి అక్షరం మీదికి చేరుకుంటుంది. ఒంటి చేతికి ఆ వెసులుబాటు లేదు. అయినా సగం అన్న లెక్క నిలవదు. కెనడాకు చెందిన ఎడ్గర్ మటాయస్ 1990ల్లో హాఫ్ క్వర్టీ అనే పద్ధతిని తయారుచేసి, రెండు చేతులా టైపింగు వచ్చిన వాళ్లతో ఒక చేత్తో సాధన చేయించాడు. పది గంటల తర్వాత వాళ్లు తమ మామూలు వేగంలో 41 నుంచి 73 శాతం దాకా అందుకున్నారు. అంటే నిమిషానికి 24 నుంచి 43 పదాలు. సాధన ఇంకా కొనసాగించినవాళ్లలో 60 పదాలు చేరినవారూ ఉన్నారు. కేంద్రంలో గుమాస్తా ఉద్యోగాల ఇంగ్లీషు టైపింగు పరీక్షకు అడిగేది నిమిషానికి 35 పదాలని గుర్తుంచుకుంటే ఈ అంకెలు చిన్నవేం కావు.

ఆ పద్ధతి కిటుకు ముచ్చటగా ఉంటుంది. కీబోర్డులో సగాన్నే వాడతారు. స్పేస్ బార్ తట్టి వదిలితే ఖాళీ పడుతుంది. నొక్కి పట్టుకుంటే ఆ సగం అద్దంలో ప్రతిబింబంలా మారి అవతలి సగం అక్షరాలిస్తుంది. ఎడమ చెయ్యైతే మామూలుగా ఎఫ్, స్పేస్ పట్టుకుంటే జె. మామూలుగా ఎ, పట్టుకుంటే సెమికోలన్. కుడి చూపుడు వేలు చేసే పనిని ఎడమ చూపుడు వేలే అందుకుంటుంది కనక పాత నైపుణ్యం వృథా పోదు.

మా రిటైర్డు గుమాస్తాగారికి సరిగ్గా సరిపోయేది ఇదే. ముప్ఫై ఏళ్లు వేళ్లలో ఇంకిన పటాన్ని చెరిపేసి ఎఫ్, జి, హెచ్, జె అంటే ఆయన వేళ్లు ఎదురు తిరుగుతాయి. ఆటోహాట్‌కీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో స్పేస్ బార్‌ని ఇలా మలచుకోవచ్చు, కంప్యూటరు మీద కాస్త చెయ్యి తిరిగిన మనవడుంటే ఒక పూట పని. కుర్రాడికి మాత్రం ఇందులో ప్రత్యేక లాభమేం లేదు. బదిలీ చేసుకోవడానికి అసలు నైపుణ్యమంటూ ఉండాలి కదా.

అపోహ: ప్రత్యేకమైన కీబోర్డు కొంటేనే గతి.

అలాంటివి లేకపోలేదు. ఇంగ్లండులోని మాల్ట్రాన్ సంస్థ చేతికి తగ్గట్టు గిన్నెలా గుంటపెట్టి, ఎడమకు వేరు, కుడికి వేరు కీబోర్డులు చేస్తుంది. ధర వందల పౌండ్లు. కొన్ని కీలను కలిపి నొక్కితే ఒక అక్షరం పడే రకాలూ ఉన్నాయి. 1968 డిసెంబరులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ని లోకానికి చూపించినప్పుడు ఆయన ఎడమ చేతి కింద ఉన్నది అలాంటిదే, 5 కీల పెట్టె. ఐదు కీలతో 31 కలయికలు వస్తాయి, ఇంగ్లీషుకు సరిపోతాయి. మన వర్ణమాల 56 అక్షరాలు, ఆపైన గుణింతాలు, ఒత్తులు. చేతిలో పట్టుకున్న పరికరం తెలుగు రాయదని తెలిశాక వచ్చే నీరసం మామూలుది కాదు.

అంతకన్నా కుడిపక్క అంకెల కీల గుంపు లేని చిన్న కీబోర్డు కొనుక్కుంటే, కుడి చేత్తో కొట్టేవాళ్లకు మౌస్ దగ్గరవుతుంది. ఒకే చెయ్యి కీబోర్డుకూ మౌస్‌కూ మధ్య రోజుకు కొన్ని వందల సార్లు తిరుగుతుంది మరి.

అపోహ: అక్షరాల వరస మార్చేస్తే సమస్య తీరిపోతుంది.

ఆగస్ట్ డ్వొరాక్ అనే అమెరికా ఆచార్యుడు 1936లో పేటెంటు పొందిన వరస పేరుపొందినదే. ఆయన ఒంటి చేతి వాళ్ల కోసం ఎడమకూ కుడికీ విడివిడిగా వరసలు కూడా కూర్చాడు. రెండూ విండోస్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషు మాత్రమే, సొంత కంప్యూటరు మీద మాత్రమే, జీవితాంతం రాసేవాళ్లకు నేర్చుకోదగ్గవే. ఆఫీసులో మరొకరి సీట్లోనో పరీక్ష హాల్లోనో కూర్చోగానే మళ్లీ మామూలు వరస ఎదురవుతుంది. పైగా ఆ కూర్పు ఇంగ్లీషు అక్షరాల వాడుకను బట్టి చేసింది.

అపోహ: ఇప్పుడు నోటితో చెబితే రాసేస్తుంది కదా, టైపింగెందుకు?

నాకు ఈ సలహా ఇచ్చినవాళ్లే ఎక్కువ. ఫోనుకు చెప్పి రాయించి చూశాను. "కూర ఉడికింది, దించేస్తున్నా" లాంటి మాటలకు బ్రహ్మాండం. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, సంధి కలిసిన మాటలు వచ్చేసరికి అది తనకు తోచింది రాసింది. దిద్దడానికి మళ్లీ కీలే దిక్కు. పాస్‌వర్డు పైకి చదవలేం, నలుగురున్న గదిలో ఉత్తరం చెప్పి రాయించలేం.

ఈ సలహా గుమాస్తాగారి ఎదుట అనడం మరీ అన్యాయం. కుడిపక్క పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడులో ఎడమవైపు. చాలామందికి భాష ఉండేది కూడా అటే. అందుకే ఇలాంటివారిలో కొందరికి మాట తడబడుతుంది. మరికొందరికి మాట తట్టదు, అక్షరాలూ తికమకవుతాయి. ఏది సులువో స్పీచ్ థెరపిస్టు తేల్చాలి తప్ప పక్కింటివాళ్లు కాదు.

అపోహ: తెలుగుకు ఇంగ్లీషక్షరాల పద్ధతే సులువు.

రెండు చేతుల వాళ్లకు నిజమే కావొచ్చు. ఒంటి చేతికి లెక్క వేరు. "పాట" తీసుకోండి. ఇంగ్లీషక్షరాలు కొడితే తెలుగు పడే లేఖిని పద్ధతిలో పి, ఎ, ఎ, షిఫ్ట్, టి, ఎ. మొత్తం 6 తట్లు. కీలకు నేరుగా తెలుగక్షరాలే ఉండే ఇన్‌స్క్రిప్ట్‌లో ప, దీర్ఘం, ట. మూడంటే మూడు, షిఫ్ట్ ఊసే లేదు. లేఖినిలో ట, డ, ణ, ళ అన్నిటికీ పెద్దక్షరాలు కావాలి. అలాగని ప్రతి మాటా ఇన్‌స్క్రిప్ట్ పక్షమే కాదు. "అమ్మ"కు లేఖినిలో 4 తట్లు చాలు, ఇన్‌స్క్రిప్ట్‌లో అకారానికి షిఫ్ట్ కావాలి కనక 5.

ఇన్‌స్క్రిప్ట్‌కు ఇంకో చిక్కుంది. గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమపక్క, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిపక్క. రెండు చేతులకు ఉయ్యాలలా హాయిగా ఉండాలని పెట్టిన ఏర్పాటది. ఒంటి చేతికి అదే అటూ ఇటూ నడక. ఇక మాటలు సూచించే పద్ధతుల్లో షిఫ్ట్ బెడద తప్పుతుంది కానీ, "పాత" కావాలా "పాట" కావాలా, "కల"నా "కళ"నా అని ప్రతిసారీ ఆగి ఏరుకోవాలి. నా మట్టుకు కొత్తగా నేర్చుకునేవాళ్లకు, తెలుగే ఎక్కువగా రాసేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్‌నే చెబుతాను. ఇప్పటికే ఇంగ్లీషక్షరాలకు అలవాటుపడినవాళ్లు స్టికీ కీస్ పెట్టుకుని అందులోనే ఉండొచ్చు. రోజుకు రెండు వాట్సాప్ సందేశాలే రాసేవాళ్లకు ఈ గొడవంతా అనవసరం. ఫోను కీబోర్డుల్లో ఒంటి చేతి అమరిక ఉంటుంది, పెట్టుకుంటే అక్షరాలన్నీ బొటనవేలి వైపు ఒదుగుతాయి.

అపోహ: బాగున్న చేతికేం, ఎంత పనైనా చేస్తుంది.

ఫిజియోథెరపిస్టు అన్నిటికన్నా గట్టిగా హెచ్చరించింది ఈ విషయంలోనే. అన్నం తినడం, తలుపు తీయడం, మౌస్, కీబోర్డు అన్నీ ఒకే చేతి మీద పడితే అది కూడా వాచి మూలకూర్చుంటుంది, అప్పుడు మూడో చెయ్యి లేదు. కీబోర్డును బల్ల మధ్యలో కాకుండా, వాడే చేతి భుజానికి ఎదురుగా జరుపుకోవాలి. మణికట్టు పైకి వంచకూడదు, పక్కకు తిప్పకూడదు. నొప్పి పుట్టేదాకా ఆగకుండా అంతకుముందే చెయ్యి దించాలి.

కుర్రాడు ఇప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. టైపింగు పరీక్షంటే భయపడుతుంటే, నోటిఫికేషన్ చివరి పేజీలు చదవమన్నాను. మినహాయింపుల సంగతి ఉండేది అక్కడే. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం, ఉద్యోగంలో చేరాక తగిన సదుపాయం కల్పించడం ప్రభుత్వ సంస్థల బాధ్యత. స్టికీ కీస్ పెట్టమని అడగడం దేబిరించడం కాదు. గుమాస్తాగారు మనవడి చేత స్పేస్ బార్ మార్పించుకున్నారు. మొదటి రోజు తన పేరు కొట్టడానికి ఆయనకు పావుగంట పట్టింది. పొడి అక్షరాలు తప్పు పడ్డాయని దాన్ని చెరిపి, మళ్లీ కొట్టారు.