తుఫాను పరిహారము – కౌలుదారులు

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుఫాను బాపట్ల చేరువను తీరము దాటినది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు కోతకు వచ్చిన చేలును, కోసిన పనలును నీట మునిగినవి. ఇట్టి యెడ ప్రభుత్వ మిచ్చు పంటనష్ట పరిహారము చేతికి రాదు. ఎవరి పేర పంట నమోదైనదో వారి బ్యాంకు ఖాతాలో జమపడును. చేను దున్నినది కౌలుదారై, నమోదైనది భూస్వామి పేరైనచో, మదుపు పెట్టిన కుటుంబమునకు కాసైనను ముట్టదు.

ఇందులకే 2019వ సంవత్సరపు పంట సాగుదారుల హక్కుల చట్టము, భూస్వామి సమ్మతిపై, 11 నెలలకు సాగు హక్కు పత్రము నేర్పరచినది. దానివలన కౌలుదారునకు భూమిపై హక్కు కలుగదు. కావున భూస్వాములు సంశయింప నక్కరలేదు.

సోదర రైతులారా! నాట్లు ముగిసినంతనే ఈ-పంటలో మీ పేరున్నదో లేదో, ఖాతాకు ఆధారు సంఖ్య కూర్చబడినదో లేదో చూచుకొనుడు. పత్రము లేని కౌలుదారుల పట్టికను గాలివాన రాకమునుపే గ్రామమందు సిద్ధపరచి, భూస్వాములతో మాటలాడుట సహకార సంఘముల విధియని మేము తలంచుచున్నాము.