స్థూలకాయులలో ఉండుక శస్త్రచికిత్స

వాచిన ఉండుకమును (అపెండిక్సును) తొలగించే శస్త్రచికిత్సను రెండు పద్ధతులలో చేస్తారు. పొట్ట కుడివైపు దిగువన కోసి చేసేది తెరచి చేసే శస్త్రచికిత్స. పొట్టపై సాధారణముగా మూడు చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయముతో చేసేది లాపరోస్కోపీ శస్త్రచికిత్స. దీనినే కీహోల్ సర్జరీ అని కూడా అంటారు. సన్నగా ఉన్నవారిలో ఈ రెండింటి ఫలితాల మధ్య వ్యత్యాసము కొద్దిపాటిదే. స్థూలకాయులలో మాత్రము గాయము చీము పట్టే విషయములో వ్యత్యాసము ఎక్కువగా కనిపిస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వంటి కృష్ణా డెల్టా దిగువ ప్రాంతాలలో పద్ధతి ఎంపికకు దూరము, సమయము కూడా తోడవుతాయి.

ఉండుక శోథము

పెద్దప్రేగు మొదటి భాగమైన అంధనాళమునకు వేలాడుతూ ఉండే, వానపామును పోలిన సన్నని గొట్టమే ఉండుకము. దీని లోపలి దారి గట్టిపడిన మలపు ఉండతో గాని, వాచిన లింఫు కణజాలముతో గాని మూసుకొనిపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి, గోడకు రక్తప్రసరణ తగ్గుతుంది. నొప్పి తరచుగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలలో కుడివైపు దిగువకు చేరుతుంది. ఆకలి లేకపోవుట, వాంతులు, స్వల్ప జ్వరము తోడుగా ఉంటాయి.

తెలుగునాట దీనిని "ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి" అంటారు. ఈ పేరు లెక్కకు సరిగ్గా నిలవదు. కొందరిలో ఒక రోజులోనే ఉండుకము చిల్లుపడుతుంది, కొందరిలో రెండు మూడు రోజులు పడుతుంది, కొందరిలో చిల్లు పడనే పడదు. అయినను ఆలస్యము కూడదన్న హెచ్చరిక అందులో ఉన్నది కనుక అది మంచి పేరే. జామగింజలు ఇరుక్కొని ఈ వ్యాధి వస్తుందన్న నమ్మకము మాత్రము చాలావరకు నిరాధారము.

స్థూలకాయులలో రోగనిర్ణయమే మొదటి చిక్కు. మందపాటి కొవ్వు పొర క్రింద నొప్పి గల చోటు వైద్యుని చేతికి స్పష్టముగా అందదు. అల్ట్రాసౌండు తరంగాలు కొవ్వులో బలహీనపడతాయి కనుక "ఉండుకము కనబడలేదు" అని నివేదిక రావచ్చు. కనబడలేదనుట, వాపు లేదనుట ఒకటి కావు. సి.టి. స్కానులో పరిస్థితి తారుమారు అవుతుంది. అవయవాల మధ్యనున్న కొవ్వు నల్లగా కనబడి, ఉండుకమును విడదీసి చూపుతుంది.

చరిత్ర

1735లో లండనులో క్లాడియస్ అమయాండ్ ఒక బాలునికి గిలక (హెర్నియా) ఆపరేషను చేస్తూ, అందులో చిక్కుకొన్న ఉండుకమును తొలగించాడు. విజయవంతమైన ఉండుక శస్త్రచికిత్సలలో ఇదే మొదటిదిగా చెబుతారు. 1886లో బోస్టనుకు చెందిన రెజినాల్డ్ ఫిట్జ్ ఈ వ్యాధికి అపెండిసైటిస్ అని పేరు పెట్టాడు. 1894లో న్యూయార్కు వైద్యుడు చార్లెస్ మెక్‌బర్నీ కండరాలను కోయకుండా పోగుల వెంబడి విడదీసే కోతను వర్ణించాడు. తెరచి చేసే పద్ధతికి నేటికీ అదే ఆధారము. 1980లో జర్మనీలోని కీల్ నగరములో కుర్ట్ సెమ్ లాపరోస్కోపీ ద్వారా తొలిసారి ఉండుకమును తీశాడు. ఆయన స్త్రీవ్యాధి నిపుణుడు కావడముతో శస్త్రవైద్యులు మొదట తీవ్రముగా విమర్శించారు. భారతదేశములో 1990లో ముంబయిలో టెహెమ్టన్ ఉద్వాడియా లాపరోస్కోపీతో పిత్తాశయమును తొలగించిన తరువాత ఈ విధానము వ్యాపించింది.

ఆంధ్ర గ్రామాలకు ఈ మాట అంతకు ముందే తెలుసు, కు.ని. ఆపరేషన్ల శిబిరాల వలన. కొందరు దీనిని "లేజర్ ఆపరేషన్" అంటారు గాని, ఇందులో లేజరుకు పని లేదు.

స్థూలకాయము వలన కలిగే మార్పు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో శరీర ద్రవ్యరాశి సూచిక 30 దాటితే స్థూలకాయము. భారతీయులలో తక్కువ బరువుకే మధుమేహము వంటివి వస్తున్నందున 2009లో మన వైద్య నిపుణులు ఆ హద్దును 25గా సూచించారు. 160 సెంటీమీటర్ల ఎత్తు గల మనిషికి మొదటి హద్దు సుమారు 77 కిలోలు, రెండవది 64 కిలోలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సుమారు 36 శాతము, పురుషులలో సుమారు 31 శాతము మందికి సూచిక 25 లేదా అంతకు మించి ఉన్నది. దిగువ పేర్కొన్న విదేశీ పరిశోధనలు 30 హద్దుతో చేసినవని గుర్తుంచుకోవాలి.

తెరచి చేసే పద్ధతిలో కోత పొడవు పొట్ట గోడ మందముపై ఆధారపడుతుంది. సన్నని మనిషిలో కొద్ది సెంటీమీటర్ల కోతతో ఉండుకము చేతికి వస్తుంది. కొవ్వు మందముగా ఉంటే అదే కోత లోతైన బావివలె మారి, అడుగున ఏమున్నదో కనబడదు. కనుక కోతను పెంచి, అంచులను గట్టిగా లాగి పట్టుకోవలసి వస్తుంది. కొవ్వుకు రక్తప్రసరణ తక్కువ. చీముతో నిండిన ఉండుకము ఆ గాయము గుండా బయటకు వచ్చేటప్పుడు సూక్ష్మజీవులు అక్కడే నిలిచిపోతాయి. తోడుగా మధుమేహము ఉంటే గాయము చీము పట్టి వారాల తరబడి కట్లు కట్టించుకోవలసి రావచ్చు.

లాపరోస్కోపీలో పొట్ట గోడ ఎంత మందమున్నా రంధ్రము వెడల్పు 5 నుండి 12 మిల్లీమీటర్లే. ఉండుకమును సంచిలో వేసి తీస్తారు కనుక అది గాయమునకు తగలదు. ఉండుకము అనుకున్న చోట లేకపోతే కెమెరాతో వెదకవచ్చు. అండాశయపు తిత్తి వంటి వేరే కారణము ఉన్నా బయటపడుతుంది. ఇబ్బందులూ లేకపోలేదు. పొట్ట జారినవారిలో బొడ్డు క్రిందికి దిగి ఉంటుంది, కనుక రంధ్రాల స్థానమును బొడ్డును బట్టి కాక ఎముకలను బట్టి నిర్ణయించాలి. పొడవైన పరికరాలు, బరువును మోయగల ఆపరేషను బల్ల కావాలి. లోపల అతుకులు ఎక్కువగా ఉన్నా, రక్తస్రావము ఆగకపోయినా మధ్యలో తెరచి చేయవలసి వస్తుంది. దానిని వైఫల్యముగా భావించరాదు.

పరిశోధనలు

2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 85 పరిశోధనలను పరిశీలించింది. అన్ని బరువుల వారినీ కలిపి చూస్తే, పెద్దవారిలో లాపరోస్కోపీ వలన గాయము చీము పట్టుట సగానికి పైగా తగ్గింది, ఆసుపత్రి వాసము సుమారు ఒక రోజు తగ్గింది. కాని పొట్ట లోపల చీముగడ్డ ఏర్పడుట సుమారు ఒకటిన్నర రెట్లు పెరిగింది.

స్థూలకాయులకే పరిమితమైన సమాచారము రెండు విధాలుగా ఉన్నది. 2012లో ప్రచురితమైన అమెరికా అధ్యయనము 13,330 మంది స్థూలకాయుల రికార్డులను పోల్చి, లాపరోస్కోపీలో మొత్తము చిక్కులు 57 శాతము తక్కువని తేల్చింది. అయితే అవి ఆసుపత్రుల రికార్డులు. వ్యాధి ముదిరిన రోగులకు వైద్యులు తెరచి చేసే పద్ధతినే ఎంచుకొని ఉండవచ్చు. గణితముతో కొంత సవరించినా ఆ పక్షపాతము పూర్తిగా పోదు. చీటీ వేసినట్లు రోగులను రెండు వర్గాలుగా విభజించిన ఒక చిన్న అధ్యయనములోని స్థూలకాయుల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అందులో లాపరోస్కోపీకి ప్రత్యేక ప్రయోజనము కనబడలేదు. కాని రోగుల సంఖ్య చాలా స్వల్పము. రెండింటినీ తూచి చూస్తే మొగ్గు లాపరోస్కోపీ వైపే ఉన్నది. 2020 జెరూసలేం మార్గదర్శకాలు కూడా స్థూలకాయులకు దానినే సూచించాయి.

మత్తు

తెరచి చేసే ఆపరేషనును నడుములో సూదిమందుతో చేయవచ్చు. లాపరోస్కోపీకి సాధారణముగా పూర్తి మత్తు కావాలి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, తలను క్రిందికి వంచినపుడు పొట్ట బరువు ఊపిరితిత్తులను పైకి నెడుతుంది. గురక, నిద్రలో ఊపిరి ఆగుట గల స్థూలకాయులలో ఇది ప్రమాదకరము. అట్లని నడుములో సూది సులభమనుకోరాదు. కొవ్వు వలన వెన్నుపూసలు చేతికి తగలవు, సూది పొడవూ చాలకపోవచ్చు. కాబట్టి శస్త్రవైద్యుని నైపుణ్యమెంత ముఖ్యమో మత్తు వైద్యుని అనుభవమూ అంతే ముఖ్యము.

కృష్ణా డెల్టాలో

మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రము. ఇక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. గుడివాడలో ఏరియా ఆసుపత్రి ఉన్నది. దివిసీమకు అవనిగడ్డ ముఖ్య పట్టణము. కోడూరు, నాగాయలంక వైపు గ్రామాల రోగులు అవనిగడ్డ మీదుగా బందరుకు గాని, విజయవాడకు గాని వెళతారు. అవనిగడ్డ నుండి విజయవాడ సుమారు 65 కిలోమీటర్లు. ఎదురుమొండి దీవుల వారికి ఏళ్ళ తరబడి ఆసుపత్రి ప్రయాణము పడవతోనే మొదలయ్యేది.

ఇటువంటి చోట లాపరోస్కోపీ కోసము ఎంత దూరము పోవచ్చు అన్నది అసలు ప్రశ్న. చిల్లుపడని ఉండుకమునకు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, కొన్ని గంటల ప్రయాణము చేసి, సౌకర్యము గల ఆసుపత్రికి చేరుట చాలా సందర్భాలలో సమంజసమే. పొట్ట గట్టిపడి, జ్వరము హెచ్చి, నాడి వేగముగా కొట్టుకొంటున్న రోగిని కేవలము చిన్న గాయము కోసము మరో ఊరికి పంపుట తగదు. చేరువలో చేయగలిగినవారు ఉంటే తెరచి చేయుటయే మేలు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రస్తుతము ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకము క్రింద ఆ ఆసుపత్రిలో ఏ పద్ధతికి అనుమతి ఉన్నదో చేరేటప్పుడే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

కొందరు ఆపరేషను లేకుండా మందులతోనే నయము చేయమని అడుగుతారు. 2020లో వెలువడిన అమెరికా అధ్యయనములో మందులు మాత్రమే తీసుకొన్నవారిలో సుమారు పదింట ముగ్గురికి 90 రోజులలోపు ఆపరేషను అవసరమైంది. మలపు ఉండ ఉన్నవారిలో ఇది ఇంకా ఎక్కువ. నొప్పి తిరగబెట్టినపుడు వెంటనే ఆసుపత్రి అందనివారు దీనిని గమనించాలి.

ఆపరేషను తరువాత

స్థూలకాయులకు కాలి సిరలలో రక్తము గడ్డకట్టే ప్రమాదము ఎక్కువ కనుక వీలైతే అదే రోజున లేపి నడిపిస్తారు. హెపారిన్ సూదులు కూడా ఇస్తారు. తెరచి చేసినవారిలో గాయము సాధారణముగా మొదటి వారములో ఎర్రబడి, చీము కారి తన సంగతి తానే చెబుతుంది. లాపరోస్కోపీలో రోగి ఒకటి రెండు రోజులలో ఇంటికి చేరుతాడు. లోపలి చీముగడ్డ మాత్రము తరచుగా వారము గడిచాక బయటపడుతుంది. అప్పటికి పైనున్న చిన్న గాయాలు మానిపోయి ఉంటాయి. మళ్ళీ జ్వరము, చలి, విరేచనాలు, కుడివైపు నొప్పి కలిగితే కుట్లు బాగున్నాయని ఊరుకోక స్కాను చేయించుకోవాలి. చాలావరకు అటువంటి గడ్డలను యాంటీబయాటిక్‌లతోను, స్కాను చూస్తూ సూది లేదా గొట్టము ద్వారా చీము తీసివేయుటతోను నయము చేస్తారు.